ఒప్పుకునేవాళ్ళ లైను

ఆ వానాకాలం మా ఇంటికి ఓవర్ స్పీడ్ చలానా వస్తే ఎగిరి గంతేసినవాడు మా ఆయన. ఎవరింటికైనా చలానా వస్తే తిట్టుకుంటారు, తల పట్టుకుంటారు. ఈయన కవరు చించి, కళ్ళజోడు సవరించుకుని, "తొంభై ఒకటి" అన్నాడు. మళ్ళీ చదివాడు. "యాభై దాటకూడని చోట తొంభై ఒకటి. అమ్మా, విన్నావా, మన బండి తొంభై ఒకటి కొట్టింది" అని వాళ్ళమ్మ చెవి దగ్గరకెళ్ళి మరీ చెప్పాడు.

మా అత్తగారికి చెముడు. "ఎవర్ని కొట్టింది?" అన్నారు.

ఆ బండి సంగతి ముందు చెప్పాలి. అది స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళే వ్యాను. నడిపేది నేను. మా ఆయన మెకానిక్కు, ఇంటి వెనక రేకుల షెడ్డే ఆయన వర్క్‌షాపు. పాత ఇనుము కొనేవాళ్ళు కూడా వద్దన్న బండిని తెచ్చి, ఏడాదిపాటు దాని కిందే పడుకుని, నట్టు నట్టూ విప్పి బిగించి రోడ్డెక్కించాడు. వెనక తలుపు మీద ఎర్ర పెయింటుతో 'దారిలో ఆగదు' అని తన చేత్తో రాశాడు. కాకిపిల్ల కాకికి ముద్దు. షెడ్డుకి ఎవరొచ్చినా ముందు ఆ వ్యాను గొప్ప వినాలి, ఆ తర్వాతే తమ బండి రోగం చెప్పుకోవాలి.

ఇక నా సంగతి. నేను నెమ్మదిగా నడుపుతాను. వెనక పిల్లలున్నా లేకపోయినా అంతే. ఒక గడుగ్గాయి ఒకసారి 'నత్త అత్తా' అంది, అంతే, స్కూలు స్కూలంతా నన్ను నత్తత్తని చేసేసింది. నాకేం కోపం రాలేదు. వెనక వచ్చేవాళ్ళు హారన్ కొడితే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దాటుకుపొమ్మని ఊపుతాను. పక్కన కూర్చున్నప్పుడు ఆ చెయ్యి చూస్తే చాలు, మా ఆయనకి తల కొట్టేసినట్టయ్యేది.

"గుర్రాన్ని తయారుచేసి ఇస్తే గాడిదలా తోలతావేంటే" అనేవాడు.

"గాడిదకి గుర్రమని పేరు పెడితే పరిగెడుతుందా" అనేదాన్ని.

అందుకే ఆ చలానా ఆయనకి సన్మానపత్రమైపోయింది. అందులోని ఫోటో కత్తిరించి, ఫ్రేము కట్టించి, కింద 'మన బండి సత్తా' అని రాసి షెడ్డులో వేలాడదీశాడు.

నేను మాత్రం తేదీ చూశాను. చూడగానే అర్థమైంది. ఆ రోజు పొద్దున పిల్లల్ని దించి తిరిగి వస్తుంటే, వంతెన దాటాక, జోరువానలో ఆ గుర్రం దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. ఫోను తీశాను. 'దారిలో ఆగదు' అని రాసుకున్న మనిషికి దారిలో ఆగిందని ఎలా చెప్పను? మనసొప్పక క్రేనుకి చేశాను. క్రేనతను వచ్చి వ్యాను ముందు చక్రాలు గాల్లోకెత్తి కొక్కేనికి తగిలించాడు, నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఇక ఎవరో తరుముతున్నట్టు తోలాడు. నా వ్యాను పుట్టి బుద్ధెరిగి చూడని వేగాన్ని ఆ రోజు వెనక్కాళ్ళ మీద చూసింది. మా వీధి మలుపులో దించించుకున్నాను. వాన వెలిసి, తడారాక, దానంతట అదే స్టార్టయింది. మా ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. రోడ్డు మీది కెమెరా వెనకనుంచి నా నంబరు ప్లేటుని ఫోటో తీసింది. ముందున్న క్రేను దానికి కనబడలేదు. వేగం అతనిది, చలానా నాది.

మర్నాడు స్కూల్లో హెడ్మిస్ట్రెస్ పిలిచింది. చలానా కాపీ వాళ్ళకీ వెళ్ళిందట. "మీ గురించి నాకు తెలియదా" అని మొదలుపెట్టింది. అలా మొదలుపెట్టినవాళ్ళెవరూ మంచి మాటతో ముగించరు.

"మీరు జరిమానా కట్టేస్తే నేరం ఒప్పుకున్నట్టే. వేగం కేసు రుజువైన డ్రైవరుకి పిల్లల వ్యాను ఇవ్వకూడదు. పిల్లల వ్యాను నడపడానికిచ్చిన బ్యాడ్జి వెనక్కి ఇచ్చేయాలి. అది మళ్ళీ రాదు."

"కట్టకపోతే?"

"కోర్టుకెళ్ళి కొట్టేయించుకు రండి. అప్పటిదాకా వేరే అతను తన వ్యానులో తిప్పుతాడు."

ఆ వేరే అతన్ని గేటు దగ్గరే చూశాను. బురదనీళ్ళు అందరి మీదా చిమ్ముకుంటూ వచ్చి ఆగాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి లేచారు. నత్తలా నడిపే నన్ను వేగంగా నడిపానని పక్కనబెట్టి, వేగంగా నడిపేవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టారన్నమాట.

ఆ బ్యాడ్జి నాకు జీతం ఒక్కటే కాదు. ఇంట్లో నేను ఫలానా ఆయన భార్యని, ఫలానా ఆవిడ కోడలిని. ఆ వ్యానులో మాత్రం స్టీరింగు నా చేతిలో ఉండేది. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కదలాలో, ఎవరికి దారివ్వాలో నేను చెప్పేదాన్ని. అంతమంది తల్లిదండ్రులు నన్ను నమ్మి పిల్లల్ని నా వెనక కూర్చోబెట్టేవారు. అది వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను.

ఇంట్లోనూ వీధిలోనూ అందరిదీ ఒకటే పాట. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు, కట్టేస్తే పోలా? బియ్యం ఏరుతూ మా అత్తగారు కూడా అదే అన్నారు.

"తప్పు కట్టేయరాదూ, పీడా పోతుంది."

ఆవిడ కాలంలో జరిమానాని తప్పు అనేవారు. తప్పు వేశారు, తప్పు కట్టారు అని. ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజు మాత్రం చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

"తప్పు కడితే తప్పు నాదే అయిపోతుంది అత్తయ్యా. చెయ్యని తప్పుకి తప్పు కట్టను."

"అప్పు కట్టవా? అదేం బుద్ధే?"

"అప్పయితే కట్టేదాన్నే" అని పక్కనే కూర్చుని బియ్యం ఏరాను.

ముందు క్రేనతని దగ్గరికి వెళ్ళాను. వంతెన దగ్గర క్రేను ఆపుకుని టీ తాగుతున్నాడు. సంగతి విని గ్లాసు కింద పెట్టేశాడు.

"అక్కా, నేనొచ్చి నిజం చెబితే ఆ తొంభై ఒకటి నా మెడకి చుట్టుకుంటుంది. నా లైసెన్సు మీద ఇప్పటికే రెండు కేసులున్నాయి. ఇంకోటి పడితే ఇంట్లో పొయ్యి వెలగదు."

"మెల్లగా పోవాల్సింది మరి."

"వానలో గిరాకీ ఎక్కువుంటదక్కా" అని తల వంచుకున్నాడు. తిడదామని వచ్చిన మాటలు నాలుక మీదే ఆగిపోయాయి. భయం అతని మొహంలో కూడా నా మొహంలో ఉన్నట్టే ఉంది.

ఇక ఉన్నది మా ఆయన. ఆ సాయంత్రం షెడ్డులో ఎవరిదో స్కూటరు విప్పుతున్నాడు. రేకుల మీద వాన మోగుతోంది. నిలబడే చెప్పేశాను, వంతెన, క్రేను, కొక్కెం, అన్నీ. స్పానరు ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది.

"నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"చేస్తే ఏమనేవారు?"

స్పానరు కింద పెట్టాడు. "నువ్వు గేరు సరిగ్గా మార్చి ఉండవు అనేవాణ్ణి."

"అందుకే చెయ్యలేదు."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఇదంతా కోర్టులో చెప్తావా?"

"చెప్తాను."

"మెకానిక్కు పెళ్ళామే 'మా ఆయన చేసిన బండి ఆగిపోయింది' అంటే, రేపట్నుంచి ఈ షెడ్డు గుమ్మం ఎవడు తొక్కుతాడు? ఆ జరిమానా నేను కట్టేస్తా. వదిలెయ్."

"కడితే నా బ్యాడ్జి పోతుంది."

"పోతే పోయింది. ఇంట్లో పని లేదా ఏం?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక ఆయనకీ తెలిసింది. కానీ నోరు జారితే తీసుకోలేం కదా.

"మీ పరువు దారిలో ఆగకూడదు. నా బతుకు ఆగినా ఫరవాలేదు" అన్నాను. ఏడుపుతో కాదు, కోపంతో.

ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు. ఏదున్నా అత్తగారి ద్వారానే నడిచింది. ఆవిడ చెముడు పుణ్యమా అని సగం చేరేవి కావు, చేరినవి వేరేగా చేరేవి. నేను గొడుగు అడిగితే పెరుగు వచ్చేది. ఆయన సబ్బు అడిగితే "డబ్బు కావాలంటున్నాడే" అని కబురొచ్చేది. మామూలుగా అయితే పగలబడి నవ్వుకునేవాళ్ళం.

కోర్టు వరండాలో అడుగుపెట్టగానే బంట్రోతు చెయ్యి చాపాడు. "ఒప్పుకునేవాళ్ళు ఇటు లైను. ఒప్పుకోనివాళ్ళు అటు." ఇటు లైను మెట్లు దిగి, వానలోకి దిగి, గేటుదాకా పాకింది. అటు ఒక బెంచీ, దాని మీద ఎవరో మర్చిపోయిన తడి గొడుగు. నేను వెళ్ళి గొడుగు పక్కన కూర్చున్నాను.

"అమ్మా, ఈ లైనులో నిలబడితే పది నిమిషాల్లో ఇంటికెళ్తారు" అన్నాడు బంట్రోతు.

"నేను ఒప్పుకోవడానికి రాలేదు."

"అందరూ అలాగే అంటారు. ఆకలేసేవేళకి ఇటే వస్తారు."

లైనులో ఉన్నవాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. వాళ్ళలో నిజంగా తప్పు చేసినవాళ్ళు ఎంతమందో, ఓపిక లేక ఒప్పుకుంటున్నవాళ్ళు ఎంతమందో నాకు తెలీదు. వాళ్ళకీ తెలుసనుకోను. ఆకలేసింది. కూర్చునే ఉన్నాను.

మెజిస్ట్రేటు గారు నాకన్నా చిన్నావిడ. గట్టిగా జలుబు చేసినట్టుంది, మాటకోసారి ముక్కు తుడుచుకుంటున్నారు. గోడ మీది తెర మీద మా వ్యాను ఫోటో పెద్దగా వేశారు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. "చూడండి, వెనక ఎలా కిందికి కూర్చుందో. ముందు చక్రాలు గాల్లో ఉండబట్టే కదండీ" అన్నాను.

"పాత బండి మేడమ్, వెనక కుంగిపోయింది" అన్నాడు ట్రాఫిక్ ఆఫీసరు.

మెజిస్ట్రేటు గారు తెర వైపు చూసి మెల్లగా చదివారు. "దారిలో... ఆగదు." హాలంతా నవ్వింది. "దారిలో ఆగిపోయిందంటున్నారు. ఆగదని మీరే రాసుకున్నారు కదమ్మా."

"రాసింది మా ఆయనండీ."

మళ్ళీ నవ్వు. "సరే, ఆ క్రేను ఎవరిది?"

"చెప్పనండి."

"చెప్పకపోతే మీకే నష్టం."

"తెలుసండి. నా మీద పడ్డది దులుపుకోడానికి వచ్చాను కానీ ఇంకొకరి మీద వెయ్యడానికి రాలేదు."

మెజిస్ట్రేటు గారు ఏదో రాసుకున్నారు. అప్పుడు ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఈమె భర్త షెడ్డులో ఇదే ఫోటో ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. మొన్న నా బైకు రిపేరుకిస్తే ఆయనే చూపించాడు. 'తొంభై ఒకటి కొట్టింది, మన బండి సత్తా' అని గొప్పగా చెప్పాడు. ఇంటివాళ్ళే ఒప్పుకున్నాక ఇంకేం కావాలి?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. బయటివాళ్ళెవరైనా సాక్ష్యం చెప్పి ఉంటే దెబ్బలాడేదాన్ని. మా ఇంటి గోడే నామీద సాక్ష్యం చెప్పింది.

"వచ్చే వారం రండి. ఆ బండి గురించి తెలిసినవాళ్ళెవరైనా ఉంటే తీసుకురండి. లేకపోతే కట్టాల్సిందే" అన్నారు మెజిస్ట్రేటు గారు.

ఇంటికొచ్చి తిన్నగా షెడ్డులోకి వెళ్ళాను. అత్తగారి ద్వారా పంపించే మాట కాదది.

"మీ ఫ్రేము ఇవాళ కోర్టులో మాట్లాడింది" అన్నాను. ఆఫీసరు చెప్పిందంతా చెప్పాను. "మీ సత్తా నా మెడకి ఉరితాడైంది. ఇప్పుడు మనసు నిండిందా?"

ఆయన గోడ వైపు చూశాడు. ఆ పూట భోజనానికి రాలేదు. నేను పిలవలేదు. మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారు. నాకు ఆ రోజు కప్పా పామూ రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టనిపించింది. అయినా వెనక్కి తగ్గాలని మాత్రం అనిపించలేదు. బ్యాడ్జి ఊడబెరికి తీసుకుంటే తీసుకోనీ, నా చేత్తో నేను ఇవ్వను అనుకున్నాను.

వారం తిరిగి, కోర్టుకెళ్ళాల్సిన రోజు పొద్దున లేచి చూస్తే షెడ్డులో వ్యాను లేదు. ఆయనా లేడు. "ఆయన ఎటెళ్ళారు అత్తయ్యా" అంటే "ఎడ్లబండి ఎక్కడిదే ఇప్పుడు" అన్నారు. బస్సెక్కి వెళ్ళాను. దారంతా పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను.

వరండాలో అడుగుపెట్టేసరికి ఆయన కనిపించాడు. ఒప్పుకునేవాళ్ళ లైనులో నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల, చంకలో కాగితం చుట్టిన ఏదో పొట్లం. ముందు ఇంకా నలుగురే ఉన్నారు. నా పేరున జరిమానా కట్టేయడానికి వచ్చేశాడనుకున్నాను. జనాన్ని తోసుకుని వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"నన్నడక్కుండా కట్టేయడానికొచ్చారా?"

"కట్టడానికెవరొచ్చారు?"

"మరి ఈ లైనులో ఏం చేస్తున్నారు?"

"తప్పు ఒప్పుకునేవాళ్ళు ఇటు అన్నాడతను" అన్నాడు బంట్రోతుని చూపించి. "అందుకని నిలబడ్డా."

ఆయన చేతిని వదల్లేదు. "ఇది మీ లైను కాదు, రండి" అని తీసుకెళ్ళి బెంచీ మీద నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. బంట్రోతు వింతగా చూశాడు. ఆ బెంచీ మీద ఇద్దరు కూర్చోవడం అతను ఎప్పుడూ చూసి ఉండడు.

బోనులో నిలబడ్డాక ఆయన కాగితం విప్పాడు. ఫ్రేము. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు.

"మీరెవరు?" అని అడిగారు మెజిస్ట్రేటు గారు. జలుబు తగ్గినట్టుంది.

"ఆమె భర్తనండి. ఆ బండి మెకానిక్కుని."

"ఆ బండి తొంభై ఒకటి వెళ్తుందా?"

ఆయన నా వైపు చూడలేదు.

"వెళ్ళదండి. అరవై కూడా దాటదు. అదీ దిగుడు రోడ్డయితేనే."

"మరి ఇది?"

"గొప్పకి పెట్టుకున్నానండి. బండి వెనక రాసిందీ గొప్పకే. అది దారిలో ఆగుతుంది. వానొస్తే ఆగుతుంది. ఏడాది చేశాను, నా చేతిలో అది బాగుపడలేదు." గుక్క తిప్పుకున్నాడు. "వెనక కుంగిందని ఆఫీసరు గారన్నారట. అది మాత్రం అబద్ధమండి. వెనక బరువు మోసే కమాను పట్టీలు నేనే కొత్తవి వేశాను, వంద బస్తాలేసినా కుంగదు. ఇంజనే దిక్కుమాలింది."

ఎవరో కిసుక్కుమన్నారు. మెజిస్ట్రేటు గారు మాత్రం నవ్వలేదు.

"నమ్మకం లేకపోతే బండి బయటే పెట్టానండి. ఎవరితోనైనా తొక్కించి చూడండి."

ఆఫీసరునే పంపించారు. వాన కాస్త తెరిపిచ్చింది. పక్కన కోర్టు మనిషిని ఎక్కించుకుని వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. వచ్చేసరికి చెమటలు కారుతున్నాయి.

"ఎంత వెళ్ళింది?"

"యాభై నాలుగు మేడమ్. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినా అంతే. వెనక అందరూ హారన్లు..." అని ఆగిపోయాడు.

"చెయ్యి బయటపెట్టి ఊపాలండీ, దాటుకుపోతారు" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

వెనక ఏమాత్రం కుంగని బండిని మెజిస్ట్రేటు గారు కిటికీలోంచి తానే చూశారు. తెర మీది ఫోటోని ఇంకోసారి చూశారు. కేసు కొట్టేశారు. ఫ్రేము మా ఆయన చేతికిస్తూ, "గొప్పలు చెప్పుకోవడం నేరం కాదు లెండి" అన్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవలేదు. అక్కడ ఏడిస్తే ఒప్పుకున్నట్టుంటుంది.

తిరుగుదారిలో స్టీరింగు దగ్గర నేనే కూర్చున్నాను. ఆయన పక్కన, ఒళ్ళో ఫ్రేముతో. వంతెన దాటామో లేదో మళ్ళీ జోరువాన. బండి దగ్గింది, తుమ్మింది, ఆగిపోయింది. ఆయన చెయ్యి అలవాటుగా తలుపు పిడి మీదికి వెళ్ళింది. పిడి పట్టుకుని కాసేపు వానని చూశాడు. తర్వాత చెయ్యి తీసేశాడు.

"గేరు సరిగ్గానే మార్చావు" అన్నాడు.

"తెలుసు."

"ఆ క్రేనతని నంబరు ఉందా?"

"ఉంది."

"చెయ్యి మరి." నేను ఫోను చెవిదగ్గర పెట్టుకున్నాక, మెల్లగా అన్నాడు, "ఈసారి నెమ్మదిగా పొమ్మను."

క్రేనులో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. కేసు పోయిందని, తన పేరు ఎక్కడా రాలేదని తెలిశాక క్రేనతను నా మొహంలోకి చూడలేక రోడ్డునే చూస్తూ, పెళ్ళికూతుర్ని దించడానికి పోతున్నట్టు తోలాడు. మా వెనక 'దారిలో ఆగదు' అన్న అక్షరాలు వానలో తడుస్తూ వస్తున్నాయి. వాటి వెనక వంతెనదాకా బళ్ళు, ఒకటే హారన్లు. కిటికీ పక్కన కూర్చున్నది మా ఆయన. అద్దం దించి, చొక్కా చెయ్యి మడిచి, వానలోకి చెయ్యి చాపి, దాటుకుపొమ్మని ఊపుతూ కూర్చున్నాడు.